సి.వై. చింతామణి జీవితం రాయాలి: 1923 రాజీనామా, లీడర్ సంపాదకీయాలు ఎలా తేల్చుకోవాలి?

గంటస్తంభం:

విజయనగరం పెద్దల మీద వస్తున్న ఒక చిన్న సంచికకి చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణిగారి జీవితం రాయాలి. పన్నెండు వందల మాటలు దాటకూడదన్నారు. 1880 ఏప్రిల్ 10న విజయనగరంలో పుట్టారు, 1941 జులై 1న అలహాబాదులో పోయారు. ఈ రెండు కొసలూ గట్టిగానే ఉన్నాయి. తంటా అంతా మధ్యలోనే.

దొరికిన తెలుగు వ్యాసాలన్నీ ఒకే మూసలో ఉన్నాయి. మహా మేధావి, అసాధారణ జ్ఞాపకశక్తి, లీడర్ పత్రికకి సంపాదకుడు, మంత్రి పదవిని గడ్డిపోచలా వదిలేశారు. ఎందుకు వదిలేశారో మాత్రం ఒక్కరూ చెప్పరు. తెలిసినవాళ్లు ఈ కింది నాలుగు ప్రశ్నలూ విప్పి చెబుతారా?

డిగ్రీ లేని తెలుగాయన అలహాబాదులో ఇంగ్లీషు దినపత్రిక నడిపేదాకా ఎలా వెళ్లారు? లీడర్ అసలు ఎవరిది? మాలవీయగారిదని ఒకచోట, మోతీలాల్ నెహ్రూదని ఇంకోచోట ఉంది. 1923లో రాజీనామా దేనికి? లీడర్ సంపాదకీయాల్లోంచి ఒకటి రెండు వాక్యాలు ఎత్తి చూపుదామంటే కింద సంతకం ఉండదు కదా, అవి ఆయన రాసినవేనని ఎలా చెప్పగలం?

పాతకట్టలు:

ముందు వెతుకులాట సంగతి చెబుతాను, సగం తప్పులు అక్కడే పుడుతున్నాయి. తెలుగు గ్రంథాలయ సూచీల్లో "చింతామణి" అని కొడితే మొదట నాటకం వస్తుంది. తర్వాత న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి మాసపత్రిక వస్తుంది. మన మనిషి ఎక్కడో అడుగున ఉంటారు. ఇంటిపేరుతో వెతికినా లాభం తక్కువ. ఇంగ్లీషు సూచీలు "చింతామణి"నే ఇంటిపేరుగా తీసుకుని, వెనక సి, వై అని పొడి అక్షరాలు పెట్టాయి. కొన్నిటిలో 1939 తర్వాతి "సర్" బిరుదు కింద వేరే పద్దు ఉంటుంది. మూడు రకాలుగానూ వెతకండి.

పుట్టినరోజు గురించి ఒక మాట. 1880 ఏప్రిల్ 10 విక్రమ నామ సంవత్సర ఉగాది. ఉగాది నాడు పుట్టారని రాసిన వ్యాసాలు పంచాంగానికి సరిపోతున్నాయి, ధైర్యంగా రాసుకోండి.

ఇక డిగ్రీ. విజయనగరం మహారాజా కాలేజీలో చదివారు, పట్టా లేకుండానే బయటికొచ్చారు. దీన్ని అద్భుతంలా రాయొద్దు. ఆ రోజుల్లో పత్రికల్లోకి రావడానికి కావలసినవి రెండే: ఇంగ్లీషు ధారాళంగా రావాలి, కాంగ్రెస్ తీర్మానాలూ శాసనమండలి ప్రసంగాలూ లెక్కలతో సహా గుర్తుండాలి. రెండోది ఆయనకి అసాధారణంగా ఉండేది. ఇరవై ఏళ్లు నిండకముందే విశాఖలో వైజాగ్ స్పెక్టేటర్‌లో పనిచేశారు, తర్వాత విజయనగరంలో ఇండియన్ హెరాల్డ్ నడిపారు.

చాలామంది వదిలేసేది 1901. ఆ ఏడు మద్రాసులో సంఘసంస్కరణ మీద ఇంగ్లీషు వ్యాసాల, ఉపన్యాసాల పెద్ద సంపుటి ఆయన సంపాదకత్వంలో వచ్చింది. రానడే ఉపన్యాసాలూ అందులో ఉన్నాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి. 1905లో అలహాబాదు నుంచి ఫిరోజ్‌షా మెహతా ప్రసంగాల సంపుటి తెచ్చారు. ఒక యువకుడు దేశంలోని పెద్ద మితవాద నాయకులందరికీ ఉత్తరాల ద్వారా పరిచయమైంది ఈ సంపాదన పని వల్లే. మీ వ్యాసంలో అలహాబాదు ప్రయాణానికి కారణంగా జ్ఞాపకశక్తి పెట్టకండి, ఈ రెండు పుస్తకాలు పెట్టండి.

1903లో సచ్చిదానంద సిన్హా ఇండియన్ పీపుల్ పత్రిక కోసం అలహాబాదు వెళ్లారు. 1909 అక్టోబరు 24న లీడర్ మొదలైంది, ఇండియన్ పీపుల్ అందులో కలిసిపోయింది. మొదట్లో సంపాదకులు ఇద్దరు: నగేంద్రనాథ్ గుప్తా, చింతామణి. "స్థాపక సంపాదకుడు" అని ఒక్కరి పేరే రాస్తే గుప్తాగారికి అన్యాయం చేసినట్టే.

"లీడర్ సంపాదకుడు 1909–1934" అని సూచికలు ఇచ్చే లెక్క ఎత్తి రాసేముందు మధ్యలో తీసివేత చేయండి. 1921 నుంచి 1923 దాకా ఆయన సంయుక్త రాష్ట్రాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్) ప్రభుత్వంలో విద్యా, పరిశ్రమల మంత్రి. ఆ కాలంలో సంపాదకుడి కుర్చీలో ఆయన లేరు.

లూకర్‌గంజ్:

"లీడర్ ఎవరిది" అన్నదానికి ఒక్క పేరుతో జవాబు లేదు. అది వ్యక్తి పత్రిక కాదు, కంపెనీ పత్రిక. పూనుకున్నది మదనమోహన మాలవీయ. నడిపిన సంస్థ న్యూస్‌పేపర్స్ లిమిటెడ్. డైరెక్టర్ల బోర్డుకి మొదటి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. రోజూ రాసి అచ్చుకి పంపినది చింతామణి. మీకు దొరికిన రెండు వ్యాసాలూ చెరొక ముక్క పట్టుకున్నాయి, అంతే.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక తేడా చూపించాలి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. వెనకాల అమృతాంజనం రాబడి ఉంది. పత్రిక, ప్రెస్సు, డబ్బు అన్నీ ఆయనవే. ఆయన్ని తీసేయగలవాడు లేడు. చింతామణిగారు అలా కాదు. వాటాలు వేరేవాళ్లవి, బోర్డు వేరేవాళ్లది, ఆయన జీతం తీసుకునే సంపాదకుడు. అయినా పత్రిక స్వరం ఆయనదే అయింది. యజమాని కాని మనిషి బోర్డు అధ్యక్షుడితో తగువు పడి కూడా నిలిచాడంటే, వ్యాసంలో ఆగి చెప్పాల్సిన చోటు అదే.

తగువు దేని మీద? ఇద్దరూ అహంభావులని రాసేసి చేతులు దులుపుకుంటారు. అసలు మెట్లు ఇవి. 1916లో సంయుక్త రాష్ట్రాల పురపాలక బిల్లు మండలికి వచ్చింది. ముస్లింలకు పురపాలక సంఘాల్లో వేరు ప్రాతినిధ్యం ఇచ్చే జహంగీరాబాద్ సవరణ దానికి పెట్టారు. మోతీలాల్, అలహాబాదు న్యాయవాది తేజ్ బహదూర్ సప్రూ రాజీకి ఒప్పుకున్నారు. మాలవీయ, చింతామణి ఒప్పుకోలేదు. లీడర్ ఆ సవరణను దుయ్యబట్టింది. అంటే బోర్డు అధ్యక్షుడి రాజకీయాన్ని ఆ బోర్డు పత్రికే ఎండగట్టిందన్నమాట. ఆ తర్వాత మాంటేగు–ఛెమ్స్‌ఫర్డ్ సంస్కరణల (1919 చట్టంగా వచ్చినవి) మీద చీలిక వచ్చింది. తీసుకుని పనిచేయించుకుందామని లీడర్ పట్టు, చాలవని మోతీలాల్ పట్టు. 1919 ఫిబ్రవరి 5న మోతీలాల్ అదే ఊళ్లో ఇండిపెండెంట్ అనే పోటీ దినపత్రిక పెట్టారు, సయ్యద్ హుస్సేన్ సంపాదకుడు. అది నాలుగైదేళ్లు కూడా నిలవలేదు. లీడర్ 1967 దాకా నడిచింది.

ఒక హెచ్చరిక. 1916 తగువును ఇప్పటి రాజకీయాల కళ్లద్దాలతో చదవొద్దు. రాజీకి ఒప్పుకున్న సప్రూ, వద్దన్న చింతామణి, మూడేళ్లు తిరక్కుండా ఒకే లిబరల్ పార్టీలో (కాంగ్రెస్ నుంచి విడిపోయిన మితవాదుల పార్టీ) ఉన్నారు. ఆ సవరణ మీద ఎవరు ఎటున్నారన్నదాన్ని బట్టి తర్వాతి పార్టీలు లెక్కగట్టలేం.

శాసనమండలి:

మూడో ప్రశ్న నేను తీసుకుంటాను. తృణప్రాయంగా వదిలేశారు, గవర్నర్‌తో పడలేదు అని మామూలుగా వినిపించే రెండు మాటల్లో రెండోది నిజమే. గవర్నర్ సర్ విలియం మారిస్‌తో విభేదించే తప్పుకున్నారు. కానీ అంతటితో ఆపితే ఇద్దరు మనుషుల కోపతాపాల కథ అయిపోతుంది. ద్వంద్వ ప్రభుత్వం ఎలా నడిచేదో తెలిస్తేగాని అసలు విషయం అందదు.

1919 చట్టం రాష్ట్ర ప్రభుత్వాన్ని రెండుగా కోసింది. భూమిశిస్తు, పోలీసు, న్యాయం, జైళ్లు, నీటిపారుదల, ఆర్థికం, పత్రికల అదుపు "రిజర్వుడు" శాఖలు. గవర్నరూ ఆయన కార్యనిర్వాహక సభ్యులూ వీటిని చూస్తారు, మండలికి జవాబుదారీ లేదు. విద్య, స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, వ్యవసాయం, ఎక్సైజు, పరిశ్రమల అభివృద్ధి "బదిలీ" శాఖలు. ఇవి మంత్రులవి. సంయుక్త రాష్ట్రాల మండలిలో 123 మంది, అందులో 100 మంది ఎన్నికైనవాళ్లు. 1920 ఎన్నికల్ని కాంగ్రెస్ బహిష్కరించింది కాబట్టి లిబరల్స్‌కి దారి తెరుచుకుంది. చింతామణికి విద్య, పరిశ్రమలు వచ్చాయి. స్థానిక స్వపరిపాలన లక్నో న్యాయవాది పండిట్ జగత్ నారాయణ్‌కి వచ్చింది. ఆయన జలియన్‌వాలా బాగ్ మీద వేసిన హంటర్ సంఘంలో సభ్యుడు.

శాఖ పేరు చూసి మోసపోకండి. పరిశ్రమల మంత్రికి ఫ్యాక్టరీలు లేవు, కార్మికులు లేరు, విద్యుత్తు లేదు. అవి రిజర్వుడు వైపు. విద్యామంత్రికి యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బడులు లేవు, రాష్ట్రంలోనే ఉన్న బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం లేదు. మద్రాసులో మన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి గోడు కూడా ఇదే: అభివృద్ధి మంత్రినే కానీ అడవులు నావి కావు, వ్యవసాయ మంత్రినే కానీ నీటిపారుదల నాది కాదు అని.

ఇప్పుడు ఒక మంత్రి కొత్తగా కొన్ని బడులు పెట్టాలనుకున్నాడనుకోండి. కాగితం ఇలా తిరుగుతుంది. ముందు శాఖ కార్యదర్శి దగ్గర. కార్యదర్శి ఐ.సి.ఎస్. (ఇండియన్ సివిల్ సర్వీసు) అధికారి. మంత్రి నిర్ణయం నచ్చకపోతే ఫైలు తీసుకుని నేరుగా గవర్నర్ దగ్గరికి వెళ్లే హక్కు ఆయనకుంది. మంత్రి కంటే ముందే గవర్నర్‌కి ఒక వైపు కథ చేరిపోతుంది. కార్యదర్శి దాటితే ఆర్థిక శాఖ. అది రిజర్వుడు శాఖ, దాని సభ్యుడు మంత్రికి జవాబు చెప్పక్కర్లేదు. డబ్బు పంపకం మీద తేడా వస్తే తేల్చేది మళ్లీ గవర్నరే. అది కూడా దాటితే మండలి ఓటు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పోలీసు పద్దులో మండలి కోత పెడితే గవర్నర్ ధ్రువీకరించి తిరిగి పెట్టుకోగలడు. విద్య పద్దులో కోత పెడితే అత్యవసరమైతే తప్ప ఆ కోత అలాగే ఉండిపోతుంది.

అసలు డబ్బెంత? మెస్టన్ పరిష్కారం ప్రకారం కేంద్రానికి రాష్ట్రాలు ఏటా 983 లక్షలు కట్టాలి. అందులో సంయుక్త రాష్ట్రాల వంతు 240 లక్షలు. మద్రాసు 348 లక్షలు. మద్రాసు తర్వాత పెద్ద భారం వీళ్లదే. సంజాయిషీగా కాదు, అంకెగానే ఇది రాయండి. కొత్త పథకాలకి ఎందుకు మిగల్లేదో దానంతట అదే తెలుస్తుంది.

అధికారుల సంగతి ఇంకా కష్టం. అఖిల భారత సర్వీసు అధికారిని మందలించాలన్నా, ఒకచోట వేయాలన్నా గవర్నర్ స్వయంగా ఒప్పుకోవాలి. వాళ్లని నియమించింది లండన్‌లోని భారత మంత్రి. మంత్రి సలహాను గవర్నర్ "తగిన కారణం కనిపిస్తే తప్ప" పాటించాలని చట్టంలోని 52వ సెక్షన్. తగిన కారణం ఏదో నిర్ణయించేది కూడా గవర్నరే. అంతా ఈ మాట మీద ఆధారపడి ఉంది. మంచి గవర్నర్ ఉంటే బండి నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది.

సంయుక్త రాష్ట్రాల్లో జరిగింది సరిగ్గా అదే. మొదటి గవర్నర్ సర్ హార్‌కోర్ట్ బట్లర్ రెండు భాగాల్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడేవాడు. 1922 చివర్లో ఆయన వెళ్లి మారిస్ వచ్చాడు. ఈలోగా లండన్‌లో రెండు సంగతులు జరిగాయి. మార్చిలో మాంటేగు భారత మంత్రి పదవి నుంచి పోయాడు. ఆగస్టులో లాయిడ్ జార్జ్ ఐ.సి.ఎస్.ని ఉక్కు చట్రమని పొగిడాడు. సంస్కరణల మీద పైవాళ్లకి మనసు లేదని కింద అధికారులకి అర్థమైంది. 1923లో చింతామణి తప్పుకున్నారు, జగత్ నారాయణ్ కూడా ఆయనతోనే బయటికొచ్చారు. మంత్రులకి ఉమ్మడి బాధ్యత అన్నది చట్టంలో ఎక్కడా లేదు. ఒకరు పోతే రెండోవారు పోవాలన్న నియమమూ లేదు. అయినా వెళ్లారు. ఆ రెండో రాజీనామాను మన తెలుగు వ్యాసాలు దాదాపు ఎప్పుడూ ప్రస్తావించవు, నాకైతే అది మొదటిదానికంటే గట్టి సాక్ష్యం. ఒక్క మనిషి కోపమైతే రెండోవాడు కుర్చీ వదలడు.

గంటస్తంభం:

చాలా మేలు చేశారు. రెండు సందేహాలు మిగిలాయి. పదవిలో ఉన్న రెండేళ్లలో చేసింది ఏమైనా ఉందా, లేక అంతా ఆటంకాలేనా? రెండోది, 1921 డిసెంబరులో మోతీలాల్, జవహర్లాల్ ఇద్దర్నీ అలహాబాదులోనే అరెస్టు చేశారు కదా. అప్పుడు ఈయన అదే ప్రభుత్వంలో మంత్రి. దాన్ని ఎలా రాయాలి? దాచితే తప్పు, రాస్తే ఊళ్లోవాళ్లు నొచ్చుకుంటారు.

శాసనమండలి:

చేసింది ఉంది. 1921లోనే రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి అలహాబాదు విశ్వవిద్యాలయ చట్టం. దానివల్ల అది ప్రధానంగా బోధన, వసతి విశ్వవిద్యాలయం అయింది. ఇంటర్ తరగతులు విశ్వవిద్యాలయం నుంచి విడిపోవాలి కాబట్టి వాటికి ఒక దిక్కు కావాలి. అందుకు రెండోది, ఇంటర్మీడియట్ విద్యా చట్టం. దాని కింద హైస్కూలు, ఇంటర్ బోర్డు ఏర్పడింది, 1923లో మొదటి పరీక్ష పెట్టింది. ఇవాళ ఉత్తరప్రదేశ్ పిల్లలు రాసే బోర్డు పరీక్ష ఆ బోర్డుదే. ఆలోచన కలకత్తా విశ్వవిద్యాలయం మీద వేసిన సాడ్లర్ సంఘానిది, కాబట్టి "చింతామణి కనిపెట్టారు" అని రాయకండి. ఆయన మంత్రిగా ఉండగా అమల్లోకి వచ్చింది అనండి, చాలు.

అరెస్టుల విషయం దాచవద్దు. 1921 నవంబరులో వాలంటీర్ దళాల్ని చట్టవిరుద్ధమని ప్రకటించారు, డిసెంబరు 6న నెహ్రూలను పట్టుకున్నారు. పోలీసు, న్యాయం రిజర్వుడు శాఖలు. ఆ ఉత్తర్వు మంత్రి చేతిలోది కాదు. కానీ జనం ఆ గీత చూడరు. ప్రభుత్వమంటే ఒకటే ప్రభుత్వం. పైగా లీడర్ సహాయ నిరాకరణను మొదటినుంచీ వ్యతిరేకించింది. అందుకని రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టండి: చట్టప్రకారం ఆయన శాఖ కాదు, రాజకీయంగా ఆ మచ్చ ఆయనకీ అంటింది. పదవి వదిలాక 1923 చివరి ఎన్నికల తర్వాత మండలిలో కూడా ఆయన లేరు. 1927లో తిరిగి వచ్చి, 1936 దాకా ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. ఊళ్లోవాళ్లు నొచ్చుకోవడం గురించి భయపడితే జీవితచరిత్ర రాయడం మానేసి సన్మానపత్రం రాసుకోవాలి.

కంపోజింగ్ కేస్:

నాలుగో ప్రశ్న మిగిలింది. సంతకం లేని సంపాదకీయం ఎవరిదో తేల్చడానికి ఒక క్రమం ఉంది.

మొదట పత్రిక అడుగున అచ్చువేసిన చిన్న పంక్తి చూడండి. 1867 చట్టం ప్రకారం ప్రతి ప్రతి మీదా ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు ఉండాలి, వాళ్లు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాలి. సంపాదకుడి పేరు అచ్చువేయాలన్న నియమం 1922లో వచ్చింది. అంటే 1915 లీడర్ అడుగున ఆయన పేరు లేదని "అప్పటికి సంపాదకుడు కాదు" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్కడ కనిపించే పేరును సంపాదకుడిదని పొరబడటం ఇంకా ఎక్కువగా జరుగుతుంది. అది ముద్రాపకుడి పేరు. కేసు పడితే మొదట కోర్టుకెళ్లేది ఆయనే.

తర్వాత ఆయన ఊళ్లో ఉన్నారా లేరా చూడండి. తీసివేతే ఇక్కడ గట్టి పనిముట్టు. 1921 నుంచి 1923 దాకా మంత్రి, ఆ సంపాదకీయాలు ఆయన పేరున వేయకండి. 1930 నవంబరు 12న మొదటి రౌండ్ టేబుల్ సమావేశం మొదలై 1931 జనవరి 19న ముగిసింది, ఆయన ప్రతినిధిగా లండన్‌లో ఉన్నారు. టపా ఓడ మీద రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. కాబట్టి ముందురోజు తంతి మీద మర్నాడు వచ్చిన సంపాదకీయం అలహాబాదులో ఎవరో రాసిందే. "మా ప్రతినిధి లేఖ" అని నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చింది ఆయనది కావొచ్చు. లిబరల్ ఫెడరేషన్ సభలకి అధ్యక్షత వహించిన రోజులు కూడా గుర్తుపెట్టుకోండి: 1920లో మద్రాసు, 1931లో బొంబాయి. మొదటిది డిసెంబరు చివర్లో, రెండోది జులైలో.

మూడోది, ఆయన తన పేరుతో అన్నదాంతో సరిపోల్చడం. మండలి కార్యకలాపాల సంపుటాల్లో ఆయన ప్రసంగాలు మాట పొల్లుపోకుండా ఉన్నాయి. సంపాదకీయంలోని వాదన, అంకె, ఉదాహరణ ఆ వారం ప్రసంగంలోనూ ఉంటే నమ్మకం పెరుగుతుంది. అప్పుడు కూడా "లీడర్ రాసింది" అనే అనండి. "చింతామణి రాశారు" అని ఖాయంగా రాసేది పుస్తకాల నుంచి, ప్రసంగాల నుంచి మాత్రమే.

లీడర్ పాత సంచికల మైక్రోఫిల్మ్ ఢిల్లీ తీన్‌మూర్తిలోని గ్రంథాలయంలో ఉంది. చుట్ట పెట్టగానే సంపాదకీయం పేజీకి పరుగెత్తకండి. ఆ రోజు తంతి వార్తల పేజీ ముందు చూడండి, లేకపోతే సంపాదకీయం దేనికి జవాబో తెలియదు. అలాగే ఒకే సంఘటనకి మూడు పత్రికలు దగ్గర పెట్టుకోండి. అధికార వర్గం గొంతు పయనీర్, లిబరల్ గొంతు లీడర్, 1919 తర్వాత కాంగ్రెస్ గొంతు ఇండిపెండెంట్. మూడూ ఒకే ఊరివి. ఇలాంటి సదుపాయం మద్రాసు మీద రాసేవాళ్లకి కూడా తేలిగ్గా దొరకదు.

పత్రికా చట్టం గురించి కూడా ఒక మాట వేయండి, సంపాదకుడి నెమ్మది స్వరం పిరికితనమని తేల్చేసేముందు. 1910 పత్రికా చట్టంలో కొత్త ప్రెస్సు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. పాత ప్రెస్సుని 5,000 దాకా అడగొచ్చు. ఒకసారి జప్తయితే మళ్లీ తెరవడానికి 1,000 నుంచి 10,000 దాకా. రెండోసారి తప్పు దొరికితే ప్రెస్సే పోతుంది. వాటాదారుల డబ్బుతో నడిచే పత్రికలో ఆ నష్టం సంపాదకుడి ఒక్కడిది కాదు. సప్రూ అధ్యక్షతన వేసిన సంఘం సిఫారసు మీద 1922లో ఆ చట్టం రద్దయింది. పైన చెప్పిన సంపాదకుడి పేరు నియమం వచ్చింది కూడా ఆ రద్దు చట్టంతోనే.

లూకర్‌గంజ్:

ధరావతు వాదన కొంతవరకే ఒప్పుకుంటాను. చింతామణిగారి స్వరం చట్టానికి భయపడి నెమ్మదించింది కాదు, ఆయన నమ్మకమే అది. గోఖలే, ఫిరోజ్‌షా మెహతా దారి. చట్టం రద్దయ్యాక కూడా సహాయ నిరాకరణ మీద లీడర్ మాట మారలేదు. అలాగని సర్కారు మనిషీ కాదు. 1928లో సైమన్ కమిషన్‌ని లిబరల్స్ బహిష్కరించారు. ఇటు కాంగ్రెస్ వాళ్లకి మెత్తనివాడు, అటు లాట్ సాహెబులకి గిట్టనివాడు. రెండు వైపులా తిట్లు తిన్న మనిషిని ఒక వైపుకి లాగితేనే వ్యాసం చెడుతుంది.

పాతకట్టలు:

రాజీనామాకి ఆయన నోటి మాట కావాలంటే 1924 ముడిమన్ సంఘం ముందు ఇచ్చిన సాక్ష్యం చూడండి. ద్వంద్వ ప్రభుత్వం ఎలా పనిచేసిందో తేల్చడానికి వేసిన సంఘం అది. మాజీ మంత్రులు చాలామంది వచ్చి చెప్పారు. నివేదిక విడిగా, సాక్ష్యాలు విడిగా సంపుటాలుగా అచ్చయ్యాయి. నివేదిక ఒక్కటే చదివి ఆగిపోతే ఆయన మాట దొరకదు. నివేదికలో కూడా రెండు భాగాలు ఉన్నాయని మరవకండి. చిన్నచిన్న సవరణలతో సరిపెట్టమన్నది అధిక సంఖ్యాకులది. ఈ పద్ధతే పనికిరాదన్నది సప్రూ, శివస్వామి అయ్యర్, జిన్నా, పరాంజపేల అల్పసంఖ్యాక నివేదిక. చింతామణి సాక్ష్యం రెండోదానికి బలం.

మీకున్నది పన్నెండు వందల మాటలు. విజయనగరం, విశాఖ కలిపి రెండొందలు. 1901, 1905 పుస్తకాలు, అలహాబాదు, లీడర్, మోతీలాల్‌తో తగువు మూడొందల యాభై. మంత్రి పదవి, రాజీనామా నాలుగొందల యాభై. మిగిలిన రెండొందల్లో 1927–36 మండలి, రౌండ్ టేబుల్, చివరి రోజులు. జ్ఞాపకశక్తి కథలకి చోటు లేదు, ఉండక్కర్లేదు కూడా. "సర్" బిరుదు 1939లో వచ్చింది, కాబట్టి 1921 మంత్రివర్గం గురించి రాస్తూ "సర్ చింతామణి" అనకండి. బిరుదు పెట్టాలంటే పూర్తి పేరుతో పెట్టాలి, ఇంటిపేరులా వాడే వట్టి "చింతామణి"కి తగిలించకూడదు.

చివరి భాగంలో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని మరవకండి. 1857 తర్వాతి భారత రాజకీయాల మీద ఆయన ఇంగ్లీషు పుస్తకాన్ని 1937లో వాల్తేరులో అచ్చువేసింది వాళ్లే. తాను చూసిన నాయకుల మీద తీర్పులు అందులో సొంత పేరుతోనే ఉన్నాయి. మీకు ఎత్తి చూపడానికి వాక్యాలు కావాలంటే సంతకం లేని సంపాదకీయాల చుట్టూ తిరగడం కంటే అక్కడ తీసుకోవడం మేలు. పైగా విజయనగరం సంచికకి అది సగం ఇంటి పుస్తకమే.